పశువు చీటీలో ఇంటి గుట్టు

పశువుల ఆసుపత్రిలో రాసుకునే వివరాల్లో పశువుకు సంబంధించినవి కొన్నే. మిగిలినవన్నీ మనిషివి. గేదె వయసు, ఈతల సంఖ్య, టీకా వేసిన తేదీ ఒక పక్క ఉంటే, యజమాని పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోన్ నంబరు, పథకం ఏదైనా ఉంటే ఆధార్ నంబరు, బీమా ఉంటే బ్యాంకు ఖాతా మరో పక్క ఉంటాయి. శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలం రావివలసలోనైనా, పలాస పట్టణంలోనైనా, వజ్రపుకొత్తూరు తీరంలోనైనా ఇదే పద్ధతి. వ్యక్తిగత డేటా రక్షణపై ఏళ్ల తరబడి సాగిన చర్చ బ్యాంకుల చుట్టూ, సోషల్ మీడియా కంపెనీల చుట్టూ తిరిగింది. పశువైద్యం ఊసు ఎప్పుడైనా వస్తే ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: గేదె వివరాల్లో దాచాల్సింది ఏముంటుంది? ఈ ప్రశ్న అడిగేవారు రిజిస్టరులో రెండో పక్కను చూడడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగినదాన్ని కూడా మరిచిపోయారు.

2017 మే 1న సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక వెలువరించింది. ప్రభుత్వ పథకాలకు చెందిన నాలుగు వెబ్ పోర్టళ్లను పరిశీలిస్తే, సుమారు 13 కోట్ల మంది ఆధార్ నంబర్లు ఎవరైనా చూడగలిగే స్థితిలో ఉన్నాయని తేలింది. దాదాపు పది కోట్ల బ్యాంకు ఖాతా నంబర్లు కూడా వాటితోపాటు ఉన్నాయి. ఆ నాలుగు పోర్టళ్లలో రెండు కేంద్రానివి. మిగతా రెండూ ఆంధ్రప్రదేశ్‌వి. ఒకటి ఉపాధి హామీ రోజువారీ చెల్లింపులది, మరొకటి చంద్రన్న బీమాది. నాలుగులో రెండు. దేశంలో ఇన్ని రాష్ట్రాలుండగా, ఆ నివేదికలో కనిపించిన రాష్ట్ర పోర్టళ్లు రెండూ ఒకే రాష్ట్రానివి.

అక్కడ ఎవరూ తాళం పగలగొట్టలేదు. ఆ పట్టికలు పోర్టళ్లలోనే తెరిచి ఉన్నాయి. చూపకూడని గడిని కూడా కలిపి జాబితాను జనం ముందు పెట్టారు. ఏడాది తిరగకుండానే, 2018 ఏప్రిల్‌లో, రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, కులం, మతం వివరాలు కనిపించాయి. అదే ఏడాది జూన్‌లో అన్న సంజీవని దుకాణాల్లో మందులు కొన్నవారి పేర్లు, ఫోన్ నంబర్లు, కొన్న మందుల పేర్లు ఇంటర్నెట్‌లో బయటపడ్డాయి. ఉపాధి కూలీ, ఇల్లు కట్టుకునే పేద, మందులు కొనుక్కునే రోగి, ఒక్కొక్కరిగా అందరి వంతూ వచ్చింది. పశువుల రైతు వివరాలు కూడా ఇదే తరహా పోర్టళ్లకు, ఇదే తరహా అలవాటున్న చేతుల్లోకి వెళుతున్నాయి.

అవి వెళ్లే దారి ఇది. 2019 సెప్టెంబరు 11న మథురలో జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం మొదలైంది. గాలికుంటు, బ్రూసెల్లోసిస్ వ్యాధుల అదుపునకు అయిదేళ్లకు 13,343 కోట్ల రూపాయలు కేటాయించారు. టీకాతోపాటు పశువు చెవికి పసుపు రంగు ట్యాగు వేయడం, దానిపై ఉన్న 12 అంకెల నంబరును కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఇందులో భాగం. జాతీయ పాడి అభివృద్ధి మండలి రూపొందించిన ఇనాఫ్ వ్యవస్థలో మొదలైన ఈ లెక్క తర్వాత భారత్ పశుధన్‌లోకి మారింది. 2024 మార్చి 2న బెగుసరాయ్‌లో ప్రధాని ఆ డేటాబేస్‌ను జాతికి అంకితం చేసి, 1962 పేరుతో రైతుల యాప్‌ను కూడా ప్రారంభించారు. ఇదంతా వాడుకలో పశువుల ఆధార్‌గా స్థిరపడింది. కానీ ఆవుకు ఫోను ఉండదు, ఖాతా ఉండదు. ఆ 12 అంకెలు చివరికి చేరేది మనిషి దగ్గరికే.

పశువులశాలలో జరిగే తంతు చూస్తే సంగతి తెలుస్తుంది. సిబ్బందిలో ఒకరు గేదె మెడతాడు బిగించి పట్టుకుంటారు. మరొకరు పట్టకారు లాంటి పరికరంతో చెవికి ట్యాగు నొక్కుతారు. గేదె తల విదిలించి రెండడుగులు వెనక్కి వేస్తుంది. ఆ తర్వాత ఫోను తీసి పేరు, తండ్రి పేరు, నంబరు అడుగుతారు. నంబరు చాలాసార్లు వలస వెళ్లిన కొడుకుది. ఓటీపీ అతనికి పోతుంది, ఇంట్లో ముసలితల్లి అతనికి ఫోను చేసి అంకెలు కనుక్కుని పైకి చదివి వినిపిస్తుంది. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని బ్యాంకు ప్రతి సందేశంలోనూ హెచ్చరిస్తున్న కాలమిది. పశువుల సిబ్బంది అడిగితే చెప్పొచ్చో లేదో ఆమెకు వివరించే బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది. ఏ వివరం ఎందుకు, ఎన్నాళ్లు ఉంటుంది, ఇంకెవరు చూస్తారు అన్న మూడు ముక్కలు చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. రోజుకు ఇన్ని పశువులని లక్ష్యం నెత్తిన ఉన్న సిబ్బందికి ఆ రెండు నిమిషాలు మిగలవు. తప్పు వారిది కాదు, లక్ష్యంలో ఆ రెండు నిమిషాలను లెక్కించనివారిది.

ట్యాగు నంబరు దాచుకునేది కూడా కాదు. నారాయణవలస సంతకు తోలుకెళ్లిన పశువు చెవిన అది అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. బయటికి కనిపించే అంకె ఒక మనిషి ఫోనుకు, ఇంటికి ముడిపడినప్పుడు ఆ ముడి విప్పే అధికారం ఎవరికుందన్నదే అసలు ప్రశ్న. మందులిచ్చే డాక్టరుకు ఉండాలి. దాణా అమ్మే ఏజెంటుకు, అప్పిచ్చే కంపెనీ ప్రతినిధికి, కొనడానికి వచ్చిన దళారికి ఉండకూడదు.

పాడి వివరాలు ఏం చెబుతాయో ఉద్దానం చూస్తే అర్థమవుతుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో ఈ జిల్లాలో తెలియనివారు లేరు. ఇంట్లో ఒకరికి డయాలసిస్ మొదలైతే చేతికి అందే ఆస్తుల్లో పాడిపశువు ముందు వరుసలో ఉంటుంది. ఒక ఇంటి పేరు మీద మూడు పశువులు ఉండి, ఆరు నెలల్లో ఒకదాని తర్వాత ఒకటి చేతులు మారితే, ఆ రికార్డు పశువుల గురించి చెప్పదు. ఆ ఇంటికి వచ్చిన కష్టం గురించి చెబుతుంది. దాన్ని ముందుగా చదవగలిగిన వడ్డీ వ్యాపారికి, చవగ్గా కొందామనుకునే బేరగాడికి ఆ కుటుంబం బేరమాడే బలం లేకుండా దొరికిపోతుంది. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను తర్వాత కొబ్బరి, జీడి చెట్లతోపాటు పశువులు పోయినవారు కూడా పరిహారం కోసం ఖాతా నంబర్లు, ఆధార్ నకళ్లు పట్టుకుని తిరిగారు. ఇక్కడి మనిషి తన వివరాలు ఇచ్చేది కష్టంలో ఉన్నప్పుడు. వద్దనే స్థితిలో లేనివారు పెట్టిన సంతకాన్ని సమ్మతిగా లెక్కగట్టడం న్యాయం కాదు.

పట్టణాల్లోని ప్రైవేటు క్లినిక్‌ల దారి వేరు. కుక్కకో పిల్లికో టీకా వేయించడానికి వచ్చినవారి పేరు, చిరునామా, ఫోను కార్డు మీద రాస్తారు. కౌంటరు మీద రిజిస్టరు తెరిచే ఉంటుంది, వరుసలో తర్వాత నిలబడినవారు ముందువారి వివరాలు చదివేయవచ్చు. రసీదు, ఎక్స్‌రే, పశువు ఫొటో వాట్సాప్‌లోనే అటూ ఇటూ తిరుగుతాయి, అదీ సిబ్బంది సొంత ఫోన్లలో. ఆ ఉద్యోగి మానేస్తే ఫోనుతోపాటు అవీ వెళ్లిపోతాయి. ఇలాంటిచోట కంప్యూటర్ నిపుణులు అక్కర్లేదు. రిజిస్టరు మూసి పెట్టడం, క్లినిక్‌కు విడిగా ఒక ఫోను ఉంచడం, యజమానిని అడగకుండా ఫొటో ఎక్కడా పెట్టకపోవడం చాలు.

నిజంగా చిక్కైన సందర్భం కుక్కకాటు. కరిచిన కుక్కకు రేబిస్ టీకా పడిందా అని కరిపించుకున్నవారు క్లినిక్‌కు వచ్చి అడుగుతారు. ప్రాణానికి సంబంధించిన ప్రశ్న కాబట్టి టీకా తేదీని వారికి, వారికి వైద్యం చేసే డాక్టరుకు చెప్పి తీరాలి. యజమాని చిరునామా, ఫోను మాత్రం గొడవకు సిద్ధమై వచ్చినవారి చేతిలో పెట్టకూడదు. అవి అధికారికంగా అడిగే పంచాయతీకి, పోలీసులకు ఇవ్వాల్సినవి. ఈ గీత ఎక్కడ గీయాలో తెలియక కొందరు అంతా చెప్పేస్తారు, కొందరు టీకా సంగతి కూడా దాస్తారు. రెండూ ప్రమాదమే.

బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ సర్జన్స్ నియమావళి ఈ గీతను రాసి పెట్టింది. యజమాని అనుమతి లేకుండా అతని వివరాలు కానీ పశువు వివరాలు కానీ మూడో మనిషికి ఇవ్వరాదు. పశు సంక్షేమం, ప్రజాప్రయోజనం దానికి మినహాయింపులు. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇది చట్టంలోనే ఉంది. భారతదేశంలోనూ మనుషులకు వైద్యం చేసే డాక్టర్లను 2002 నాటి వృత్తి ప్రవర్తన నిబంధనలు రోగి రహస్యానికి కట్టిపడేశాయి. పశువైద్య మండలి కూడా అంతే స్పష్టమైన నియమాన్ని తెలుగులో అచ్చువేసి, గాలికుంటు టీకా పోస్టరు ఉన్న గోడ మీదే అతికించాలి.

వ్యాధుల అదుపునకు యజమాని ఎవరో తెలియాలన్నది నిజమే. ఏ ఊళ్లో జబ్బు మొదలైందో, ఆ పశువు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకపోతే చుట్టుపక్కల పశువులను కాపాడలేరు. 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం జబ్బు సమాచారం ఇవ్వడం యజమాని బాధ్యత కూడా. అయితే దానికి కావాల్సింది ఊరు, పేరు, పనిచేసే ఒక ఫోన్ నంబరు. గాలికుంటు వైరస్‌కు ఆధార్ నంబరుతో పని లేదు. బ్యాంకు ఖాతా పరిహారం చెల్లించే రోజున అడగాలి, టీకా వేసే రోజున కాదు.

ఇన్ని లోపాలకు 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టమే మందు అని చెబుతున్నారు. నిబంధనలు వెలువడడానికే 2025 నవంబరు దాకా పట్టింది. ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి అక్కడి నుంచి మరో 18 నెలల గడువిచ్చారు. చట్టం వర్తించేది డిజిటల్ రూపంలో ఉన్న వివరాలకు, లేదా కాగితం మీద తీసుకుని తర్వాత డిజిటల్‌గా మార్చినవాటికి. కౌంటరు మీద తెరిచి ఉండే అట్ట రిజిస్టరు దాని పరిధిలోకే రాదు. రాయితీ, పథకం, సేవ పేరుతో ప్రభుత్వం వివరాలు వాడుకోవాల్సి వస్తే చాలా సందర్భాల్లో కొత్తగా సమ్మతి అడగనక్కర్లేదని ఏడో సెక్షన్ వీలు కల్పిస్తోంది. వివరాలు బయటపడ్డ ఆ నాలుగు పోర్టళ్లూ పథకాలవే. నాలుగులో రెండు ఈ రాష్ట్ర పథకాలవే. సమ్మతి అడగాల్సిన అవసరం ఎక్కడ ఎక్కువో అక్కడే చట్టం మెత్తబడింది.

పరిహారం సంగతి ఇంతకంటే దారుణం. భద్రత చర్యలు తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అన్న అంకెను అందరూ చాటారు. ఆ సొమ్ము ఎవరికి పోతుందో చాటలేదు. అది భారత సంచిత నిధిలో జమ అవుతుంది. నష్టపోయిన మనిషికి ఒక్క రూపాయి రాదు. ప్రైవేటు సంస్థల నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితే పరిహారం కోరడానికి ఐటీ చట్టంలో 43ఎ సెక్షన్ ఉండేది. కొత్త చట్టం 44వ సెక్షన్‌తో దాన్ని తొలగించాలని నిర్ణయించింది. హక్కులు ఇస్తున్నామని చెబుతూ ఉన్న హక్కును లాక్కోవడం ఇది.

ఫిర్యాదు చేయాలన్నా ముందు వివరాలు తీసుకున్న సంస్థకే చెప్పుకోవాలి. అక్కడ తేలకపోతే డేటా రక్షణ బోర్డుకు వెళ్లాలి. ఆ బోర్డు డిజిటల్ కార్యాలయంగా పనిచేస్తుందని చట్టమే రాసింది. కొడుకు ఫోనుకు వచ్చిన ఓటీపీని చదివి వినిపించిన ఆ ముసలితల్లి ఆ బోర్డు గుమ్మం ఎలా ఎక్కుతుంది? ఎక్కినా, ఫిర్యాదు పసలేనిదని బోర్డు భావిస్తే ఆమెకు పదివేల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. 13 కోట్ల నంబర్లు జనం ముందు పెట్టిన వ్యవస్థలో, నాలుగులో రెండు పోర్టళ్లు సొంతమైన రాష్ట్రంలో, జరిమానా భయం పాడిరైతు మీద పెట్టారు. ఈ నిబంధనను పార్లమెంటు రద్దు చేయాలి, పరిహారపు హక్కును తిరిగి చేర్చాలి. రాష్ట్ర పశుసంవర్ధక శాఖ అంతదాకా ఆగనక్కర్లేదు. టీకా నమోదులో ఆధార్ నంబరు అడగరాదని ఒక ఉత్తర్వు, రైతు సేవా కేంద్రంలో తెలుగులోనూ, ఇచ్ఛాపురం వైపు ఒడియాలోనూ కాగితం మీద ఫిర్యాదు తీసుకుని రసీదు ఇవ్వాలని మరో ఉత్తర్వు జారీ చేయడానికి ఢిల్లీ అనుమతి అవసరం లేదు.