రాయబారికి రక్షణ లేనిచోట

కారెంపూడిలో ఏటా కార్తిక అమావాస్య మొదలు ఐదు రోజులు జరిగే వీరారాధనలో రెండవ దినానికి ‘రాయబారం’ అని పేరు. సంధి మాటతో వెళ్ళిన అలరాజు విషానికి బలియైన పిమ్మట పల్నాటి అన్నదమ్ములకు పోరు తప్పలేదని గాథ. దూత అవధ్యుడని విభీషణుడు లంకలో చెప్పింది కూడా ఈ ధర్మమే. గిట్టని పక్షం మాట మోసుకొచ్చాడని తెలిసీ వినడం రాజధర్మం.

నక్సలైట్లకూ ప్రభుత్వానికీ దశాబ్దాలు సాగిన పోరును ఒకరు శాంతిభద్రతల సమస్య అన్నారు, ఒకరు ప్రజాయుద్ధమన్నారు. ఇరుప్రక్కలా చచ్చినవారు తెలుగుబిడ్డలే. అందులో పౌరహక్కులవారు చేసినది దూతకృత్యమని నా అభిప్రాయం. ‘ఎదురుకాల్పులు’ అన్న ప్రకటన రాగానే ఆ ఊరికి వెళ్ళి విచారించి, చట్టమేమైనదని అడిగినవారు వారు. 1985లో వరంగల్లులో పిల్లల వైద్యుడు రామనాథం, 1991లో న్యాయవాది నర్రా ప్రభాకరరెడ్డి, 2000లో పురుషోత్తం, 2001లో అజం అలీ హత్యకు గురయ్యారు.

“నక్సలైట్ల హత్యలను వీరు ప్రశ్నింపరేమి?” అని కొందరంటారు. న్యాయమైన ప్రశ్నే. ఆ ప్రశ్నను లోపలనుండి అడిగిన బాలగోపాల్ 1998లో సహచరులతో మానవ హక్కుల వేదికను స్థాపించారు. ఎస్.ఆర్. శంకరన్ గారి పౌర స్పందన వేదిక ఇరుపక్షాలనూ నిలదీసింది. 2004 అక్టోబరు చర్చలకు బాట వేసినవారిలో వారు ముఖ్యులు. ఆ చర్చలు నిలువలేదు. 2005 ఆగస్టులో మావోయిస్టు పార్టీతోపాటు విప్లవ రచయితల సంఘాన్నీ ప్రభుత్వం నిషేధించింది. వారి సిద్ధాంతం నాకు సమ్మతం కాదు. అయినను తుపాకికీ కలానికీ ఒకే శిక్ష విధించడం న్యాయం కాదు.

మా వెల్దుర్తి వంటి నల్లమల అంచు ఊళ్ళవారికి ఇది పుస్తకాల చర్చ కాదు. రాత్రి వచ్చినవారికి అన్నం పెడితే పగలు ఠాణాకు పిలుపు. ఠాణా మెట్లెక్కితే రాత్రికి ‘ఇన్‌ఫార్మర్’ అన్న ముద్ర. అట్టి రైతుకు మౌనమే కవచం. అతని తరఫున నోరు విప్పేవాడే పౌరహక్కుల కార్యకర్త.

“ముందు యుద్ధం ముగియనీ, హక్కుల సంగతి తరువాత” అనేవారికి ఒక్క మాట. అత్యయిక స్థితిలోనైనా ప్రాణరక్షణనిచ్చే 21వ అధికరణాన్ని నిలిపివేయరాదని 1978 నాటి 44వ సవరణ శాసించింది. ఎమర్జెన్సీ చేదు రుచి చూసిన తరువాత వ్రాసుకొన్న మాట అది. హక్కులు శాంతికాలపు అలంకారాలైతే వాటిని రాజ్యాంగంలో వ్రాసుకొనే అవసరమేమి? ఆలోచించండి.