సలీఖా అమ్మాయిలకేనా?

పయామ్ వచ్చిందంటే మన ఇళ్లలో మొదటి సవాల్ ఇదే: "లడ్కీ సలీఖామంద్ హై నా?" లడ్కా గురించి అడిగేవి వేరు. నౌకరీ ఏంటి, సొంతిల్లు ఉందా, గల్ఫ్ వీసా ఉందా? తిన్న ప్లేటు తీస్తాడా, తన బట్టలు తనే తహ్ పెట్టుకుంటాడా అని అడిగితే అడిగినవాళ్లనే వింతగా చూస్తారు. నా ఎత్‌రాజ్ ఇక్కడే.

మగాళ్లకి సలీఖా రాదంటే నేను ఒప్పుకోను. పొద్దున్నే తుర్కయంజాల్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ పనులకు పోయే మనవాళ్లని చూడండి. బట్టల దుకాణంలో 50 చీరలు విప్పించుకుని గిరాకీ ఏదీ కొనకుండా లేచిపోయినా, సేల్స్‌మన్ అన్నీ మడతపెట్టి ఏ అరలోది ఆ అరలో పెడతాడు. మెకానిక్ భాయ్ బండి కింద పడుకుని చెయ్యి చాపితే 12 నంబర్ పానా చేతికి తగులుతుంది. మస్జిద్‌లో సఫ్ వంకరగా ఉంటే పక్కవాడి భుజం పట్టి సీదా చేస్తారు. రాత్రి ఇంటికొచ్చి "నా బనియన్ ఎక్కడ?" అని కేకేసేది కూడా వీళ్లే. సలీఖా ఉంది. దాన్ని గడప బయట చెప్పులతో పాటు విడిచి వస్తారు.

ఇది మన మహల్లా ముచ్చటే కాదు. జాతీయ గణాంక కార్యాలయం దేశమంతా ఎవరు ఏ పనికి ఎంత వఖ్త్ పెడుతున్నారో సర్వే చేసింది. 2019లో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు పెట్టారు, మగవాళ్లు 97. 2024లో 289, 88. తేడా 202 నిమిషాల నుంచి 201కి దిగింది. ఐదేళ్ల తరక్కీ ఒక్క నిమిషం! పైగా ఇది ఇంటిపనికి చెయ్యి వేసినవాళ్ల లెక్కే. 2019లో అలా చెయ్యి వేసిన మగాళ్లు వందకి 26 మంది, ఆడవాళ్లు 81 మంది.

ఊడ్చేది కంటికి కనిపిస్తుంది. కనిపించని పని ఇంకొకటుంది, ఏది ఎక్కడుందో యాద్ పెట్టుకోవడం. ఆధార్, రేషన్ కార్డు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, నికాహ్‌నామా ఏ పెట్టెలో ఉన్నాయో అమ్మీకే తెలుసు. ఆమె మైకేకి పోయినా, దవాఖానాలో ఉన్నా ఫోన్ చేసి అడుగుతారు. 2007లో వచ్చిన 4 శాతం రిజర్వేషన్ కూడా బీసీ-ఇ సర్టిఫికెట్ వఖ్త్‌కి దొరికితేనే బిడ్డకు అక్కరకొస్తుంది. ఇంత జిమ్మేదారీ ఒక్క మనిషి తల మీద పెట్టి, కాగితం దొరకనప్పుడు ఆమెనే ఫూహడ్ అంటాం.

ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకి అస్గరీ, అక్బరీ తెలిసే ఉంటారు. డిప్టీ నజీర్ అహ్మద్ 1869లో అచ్చేసిన 'మిరాతుల్ ఉరూస్' నావల్‌లో అక్కాచెల్లెళ్లు వీళ్లు. ఆయన తర్వాత మన హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ దగ్గర కొలువు కూడా చేశాడు. ఆ కితాబులో చెల్లెలు అస్గరీ లెక్కలు చూసి నౌకరాణి మోసం పట్టుకుంటుంది, మొగుడి కొలువుకి సలహా చెప్తుంది, ఆడపిల్లలకి చదువు చెప్తుంది. అంత దిమాగ్ ఉన్న అమ్మాయిలోంచి మనం తీసుకున్నది చీపురు మాత్రమే. ఆ నావల్‌కి 150 ఏళ్లు దాటాయి. అస్గరీ కొలమానంతో కోడళ్లని కొలవడం మాత్రం మానలేదు.

"ఆయన బయట మెహనత్ చేసి వస్తాడు కదా" అంటారు. ప్రైవేట్ స్కూల్లో పాఠాలు చెప్పి వచ్చే బాజీ ఎక్కడి నుంచి వస్తోంది? పగలంతా కుట్టుమిషన్ తొక్కే ఆపాది మెహనత్ కాదా? "దీన్ ఇదే చెప్పింది" అనేవాళ్లూ ఉన్నారు. బుఖారీలో హజ్రత్ ఆయిషా బయాన్ ఉంది. నబీ సల్లల్లాహు అలైహి వసల్లమ్ ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివాళ్ల ఖిద్మత్‌లో ఉండేవారు, నమాజ్ వేళకి లేచి వెళ్లేవారు. గడ్డం పొడుగు దగ్గర సున్నత్ గుర్తొచ్చే భాయ్‌లకి దస్తర్‌ఖాన్ ఎత్తేటప్పుడు ఎందుకు గుర్తురాదు?

చేయాల్సింది పెద్దదేం కాదు. కాగితాలన్నీ ఒక్క ఫైల్‌లో పెట్టి, అదెక్కడుందో ఇంట్లో అందరూ తెలుసుకోవాలి. తిన్న ప్లేటు తిన్నవాళ్లే కడగాలి. తుడుచుకున్న టవల్ వాళ్లే ఆరేసుకోవాలి. ఏడేళ్లకి కొడుక్కి నమాజ్ నేర్పుతాం కదా, జానమాజ్ తహ్ చేసి పెట్టడం కూడా అప్పుడే నేర్పాలి. అమ్మీలూ, వాడు వదిలేసిన జానమాజ్‌ని వాడి చెల్లెలితో తీయించకండి. మీ ఇంట్లో సలీఖా ఎవరి పనో ఆ పిల్ల నేర్చుకునేది అక్కడే, వాడు నేర్చుకునేదీ అక్కడే.