పానా పట్టుడు సుత సదువే

ఊర్లకెళ్లి డిగ్రీ జేసి పట్నమొచ్చిన పోరగాళ్లు ముందుగాల అడిగే అడ్రస్ అశోక్‌నగర్. పక్కనే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ. 2024ల గ్రూప్-1 కొలువులు 563 ఉంటే దరఖాస్తులు 4 లక్షలు దాటినయి. అంటే ఒక్క కొలువుకు 700 మందికి పైనే.

గక్కడికెళ్లి జర అంబర్‌పేట్ దిక్కు పోతే బండ్లు బాగుజేసే షెడ్లు కనవడ్తయి. షెడ్డు పనంటే సదువు అబ్బనోడు జేసేదని మనోళ్లకు ఇప్పటికీ చిన్నచూపే. కానీ గా పని మునుపటి లెక్క లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్తగ అమ్మేటియన్నీ బీఎస్-6 బండ్లే. బైకుల కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్, సెన్సార్లు వచ్చినయి. ఇంజన్ సప్పుడు ఇని రోగం చెప్పే ఉస్తాద్ సుత ఇప్పుడు స్కానర్ వెట్టి కోడ్ సదవాలె. ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీలల్ల వందల వోల్టులుంటయి. తెల్వక చెయ్యి వెడితే పానమే పోతది.

ఎలక్ట్రిక్ బండ్లకు మన సర్కారు 2024 నవంబర్ 18 నుంచి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ జేసింది. కొనేటోళ్లకు రాయితీ దొరికింది. మరి బాగుజేసేటోళ్లను తయారుజేసేదెట్ల?

టాటా టెక్నాలజీస్‌తోని కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లు జేస్తమని 2024 జూన్ 18న మల్లేపల్లిల ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన జేసిండు. ఖర్చు 2,324 కోట్లన్నరు. మంచిదే. కానీ మిషన్లు తెచ్చుడు ఒకెత్తు, నేర్పే సార్లను పెట్టుడు ఇంకో ఎత్తు. అటెనక పని సూపెట్టుడు అన్నిట్ల పెద్దది.

గిక్కడ్నే అసలు ముచ్చటుంది. పీఎం ఈ-డ్రైవ్ కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించిన్రు. గవి ఆర్టీసీ సొంత బస్సులు కావు, ప్రైవేటు కంపెనీలయి. మరమ్మతులు సుత గా కంపెనీలయే. అంటే డిపోల మెకానిక్ కొలువు మెల్లగ కంపెనీ చేతికి పోతది. 30 మంది, అంతకన్న ఎక్కువ పనిజేసే సంస్థలు తమ మందిల కనీసం 2.5 శాతం అప్రెంటిస్‌లను తీసుకోవాలెనని, వాళ్లకు నెలనెలా స్టైపెండ్ ఇయ్యాలెనని చట్టమున్నది. గది అమలైతుందా లేదా సూసుడు సర్కారు పని. కాంట్రాక్టు కాయితంలనే మన ఐటీఐ పిల్లలను తీసుకోవాలెనని రాయిస్తే తప్పేముంది?

తమ్ముళ్లు, చెల్లెండ్లు, పది పాసైతే మోటర్ మెకానిక్ ట్రేడ్ల చేరొచ్చు. రెండేండ్ల కోర్సు. అటెనక ఎల్‌పీసెట్ రాసి పాలిటెక్నిక్‌ల సీదా రెండో ఏడుకు పోవచ్చు. కానీ చేరేముందు మూడు సంగతులు అడుగుండ్రి. విప్పి సూసేటందుకు బీఎస్-6 ఇంజన్, ఎలక్ట్రిక్ బండి ఉన్నయా? స్కానర్ మన చేతికిస్తరా, బీరువాల వెడ్తరా? పోయినేడు పాసైనోళ్లు ఏడ అప్రెంటిస్ జేస్తున్నరు? జవాబు సక్కగ చెప్పకుంటే ఇంకో ఐటీఐ సూసుకోండ్రి.

గ్రూప్స్ సదవొద్దంటలేను. రోడ్డు మీద బండ్లు పెరుగుతనే ఉన్నయి. గవి బాగుజేసే సదువును సర్కారు, మన ఇంటోళ్లు సుత సదువు లెక్కనే సూడాలె.