బందరు చరిత్రము మనకేల?

సముద్రమునకు దూరముగా, మెట్టభూముల నడుమ నల్లమాడలో నివసించుచు బందరు చరిత్రమును చదువనేల యని మన విద్యార్థులు కొందఱడుగుచున్నారు. ఆంగ్లదేశపు తీరపట్టణముల పేరులు వల్లించుటకంటె నిది మేలుకదా యని కొందఱు పెద్దలు బదులు చెప్పుచున్నారు. ఆ బదులు చాలదని మా యభిప్రాయము. పేరులును సంవత్సరములును వల్లించుటయే చదువైనచో బ్రైటనైనను బందరైనను ఒక్కటియే.

మచిలీపట్టణమనబడు బందరు గోలకొండ సుల్తానులకు ముఖ్యమైన రేవు. 1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును అచ్చటికి వర్తకమునకై వచ్చిరి. చిరివేరుతోను నీలిమందుతోను రంగులద్దిన కలంకారీ వస్త్రములు అచ్చటినుండి పారశీకమువఱకు పోయెడివి. 1750లో ఆ పట్టణము ఫ్రెంచివారి వశమయ్యెను. 1759లో ఆంగ్లేయులు దానిని పట్టుకొనిరి. 1843లో రాబర్టు నోబిలు దొరగారు అచ్చట పాఠశాలను స్థాపించిరి. మనవంటి మిషను పాఠశాలలకు అది పెద్దక్క వంటిది.

ఇంతటి రేవు ఏల క్షీణించెను? అచ్చట సముద్రము లోతులేనిది. కృష్ణ తెచ్చు ఒండ్రును, అలలు తెచ్చు ఇసుకయు తీరమును పూడ్చుచుండెను. పెద్ద యోడలు దూరముననే లంగరు వేయగా సరకులను పడవలమీద చేర్పవలసివచ్చెను. నేల పల్లమగుటచే 1864 నవంబరు 1వ తేదీనాటి ఉప్పెన సుమారు 30,000 మందిని పొట్టబెట్టుకొనెను. 1933లో విశాఖపట్టణమున లోతైన రేవు తెఱవబడినది. బందరున మరల క్రొత్త రేవు పని మొదలగుటకు 2023 రావలసివచ్చెను. అయినను చేతిపని చావలేదు. బందరు, పెడనలలో నేటికిని అద్దకము సాగుచున్నది.

ఇక మన సీమను చూడుడు. పడమటి కనుమలు నైరుతి మేఘముల నడ్డగించును. ఈశాన్యపు వానలు మనదాక వచ్చుసరికి బలము తగ్గును. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే మనకు ప్రాప్తము. దానిని నిలుపుటకే పూర్వులు చెఱువులు కట్టిరి. మన పొరుగున బుక్కపట్టణము చెఱువే యిందులకు సాక్షి. రేవునకు పూడిక యెట్టిదో చెఱువునకును అట్టిదే. అయితే సముద్రపు టిసుకను తీయుట బందరువారి చేతులలో లేకుండెను. చెఱువు ఒండ్రును తీయుట మన చేతులలో నున్నది. వేసవిలో దానిని తీసి పొలమునకు తోలినచో చేనికి బలము, చెఱువునకు లోతు.

కావున ఉపాధ్యాయులకు మా మనవి: 1611లో ఎవరు వచ్చిరని మాత్రమే అడుగక, పిమ్మట ఓడలేల రాకపోయెనని కూడ అడుగుడు. ప్రతి విద్యార్థియు తన యూరి చెఱువునకు తూమెక్కడ, అలుగెక్కడ, నీరు వచ్చు వంకలేవి యని పటము గీయవలెను. తలిదండ్రులు తమ చిన్ననాట నీరెంతవఱకు నిలిచెడిదో బిడ్డలకు చూపవలెను.

పుట్టపర్తిమీదుగా పాఱు చిత్రావతి పెన్నలో కలియును. పెన్న నెల్లూరు సీమలో సముద్రమును చేరును. బందరు తీరమును తాకునదియు ఆ సముద్రమే. మన మెట్టలమీది మన్ను వానతో అచ్చటికే పోవుచున్నది. దానిని నిలుపనేర్చినప్పుడే మన బిడ్డలు బందరు చరిత్రమును చదివినట్లని మేము తలంచుచున్నాము.