రెండోసారి వెన్ను తెరిచే ముందు పాత ఫిల్ములు దించండి



పసుపు తవ్వకం, ఉడకబెట్టడం సాగే నెలల్లో మన ఓపీలో నడుము నొప్పివాళ్లు ఎక్కువవుతారు. వంగి తవ్వినవాళ్లు, సంచులు ఎత్తినవాళ్లు, పొద్దంతా కూర్చుని బీడీలు చుట్టే అక్కలు, గల్ఫ్‌లో బరువులు మోసి తిరిగొచ్చిన తమ్ముళ్లు వస్తారు. వీరిలో చాలామందికి ఆపరేషన్ అవసరం ఉండదు. మందులతో, వ్యాయామంతో, కొన్నాళ్లు బరువులు ఎత్తకుండా ఉంటే తగ్గుతుంది. ఈసారి నేను రాస్తున్నది వీరి గురించి కాదు. ఒకసారి వెన్ను ఆపరేషన్ అయ్యాక మళ్లీ నొప్పి వచ్చి, "ఇంకోసారి చేయాలేమో" అని డాక్టరు నోట విన్న కుటుంబాల గురించి.

ఆ మధ్య ఒక పెద్దాయనను కొడుకు తీసుకొచ్చాడు. కొన్నేళ్ల కిందట వేరే ఊళ్లో నడుముకు ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఎడమ కాలు లాగుతోంది. పాత ఫిల్ములు ఏవని అడిగాను. "ఆపరేషన్ అయిపాయె గద సిస్టరమ్మా, ఇగ గవెందుకని పారేసినం" అన్నాడు కొడుకు. డిశ్చార్జి కాగితం కూడా లేదు. ఏ పూస దగ్గర చేశారో తెలియదు, ఎముక ఎంత తీశారో తెలియదు. ఆ వివరాలు తెప్పించడానికి రోజులు పట్టాయి. ఖర్చూ అయింది. మాటల మధ్యలో తెలిసిందేమంటే, ఐదేళ్ల కిందట పసుపు అమ్మిన తక్‌పట్టీలు మాత్రం వాళ్ల ట్రంకుపెట్టెలో భద్రంగా ఉన్నాయట!

ఆ కొడుకును నేను తప్పుపట్టను. ఆ ఫిల్ములు ఎందుకు దాచాలో అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసింది మేమే. అందుకే ఈ వ్యాసం.

రెండో ఆపరేషన్ మొదటిదాని లాంటిది కాదు. పసుపు చేనులో బోదెలు ఉన్నంతవరకు దుంప ఎక్కడుందో చూడకుండానే చెప్పగలం. ఒకసారి తవ్వి చదును చేసిన మడిలో మిగిలిన దుంప ఎక్కడుందో పైనుంచి చూసి ఎవరు చెప్పగలరు? వెన్ను కూడా అంతే. మొదటిసారి డాక్టరు వేలితో తడిమి ఎముక గుర్తులు పట్టుకుంటారు. నరాల మీద ఒత్తిడి తీయడానికి వెనుక ఎముకలో కొంత భాగం తొలగిస్తారు. గాయం మానేటప్పుడు ఆ ఖాళీలో మచ్చలాంటి గట్టి కండ పెరుగుతుంది. అది నరాలను చుట్టి ఉన్న పల్చని పొరకు అతుక్కుంటుంది. రెండోసారి వెళ్లేటప్పుడు పాత గుర్తులు ఉండవు, పొర చిరిగే ప్రమాదమూ ఎక్కువ. పొర చిరిగితే లోపలి నీరు కారుతుంది, లేచి కూర్చుంటే తలనొప్పి వస్తుంది, రోజుల తరబడి వెల్లకిలా పడుకోవలసి రావచ్చు.

కాబట్టి నా అభిప్రాయం ఇది: ఒకసారి తెరిచిన వెన్నును మళ్లీ తెరవాలంటే, ముందూ చిత్రం చూడాలి, బల్ల మీదా చిత్రం చూడాలి. ఇది పెద్ద ఆసుపత్రుల ఆడంబరం కాదు, రోగికి దక్కవలసిన కనీస జాగ్రత్త.

ముందు చూసే చిత్రం అసలు ఆపరేషన్ కావాలో వద్దో చెబుతుంది. మళ్లీ నొప్పి రావడానికి కారణాలు చాలా ఉంటాయి: అదే డిస్కు మళ్లీ జారవచ్చు, పక్క పూస దగ్గర ఒత్తిడి రావచ్చు, స్క్రూ వదులు కావచ్చు, చీము పట్టవచ్చు. ఒక్కోసారి నొప్పి తుంటి కీలుది అయి ఉంటుంది. అందుకే ఎమ్మారై తీసేటప్పుడు కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇస్తుంటారు. మచ్చ కండలో రక్తనాళాలు ఉంటాయి కనుక మందు చేరి తెల్లగా వెలుగుతుంది. కొత్తగా జారిన డిస్కు ముక్క అలా వెలగదు. ఉన్నది మచ్చ ఒక్కటే అయితే మళ్లీ కోయడం వల్ల తరచుగా మేలు ఉండదు. కిడ్నీ జబ్బు ఉన్నవారు ఈ ఇంజెక్షన్‌కు ముందే ఆ సంగతి తప్పక చెప్పాలి.

బల్ల మీద చూసే చిత్రాల్లో అందరికీ తెలిసింది సి-ఆర్మ్. చర్మం మీదుగా సూది గుర్తు పెట్టి, ఎక్స్‌రేలో పూసలు లెక్కపెట్టి, చేయవలసిన చోటు అదేనని నిర్ధారించుకుంటారు. ఈ లెక్క చిన్న విషయం కాదు. సాధారణంగా నడుములో 5 పూసలు ఉంటాయి. కొందరికి 4 లేదా 6 ఉన్నట్టు కనిపిస్తాయి. పాత ఫిల్ము పక్కన లేకపోతే లెక్క ఒక పూస తప్పవచ్చు.

దీనికంటే పైది నావిగేషన్. బల్ల మీదే త్రీడీ చిత్రం తీసి కంప్యూటర్‌కు ఇస్తారు. ఆ తర్వాత డాక్టరు చేతిలోని పరికరం మొన ఎముకలో ఎక్కడుందో తెర మీద కనబడుతుంది, ఫోన్ మ్యాపులో మన బండి కనబడినట్టు. దీని ఉపయోగం మన దక్షిణాదిలోనే పరీక్షించి చూశారు. కోయంబత్తూరు గంగా హాస్పిటల్‌లో డాక్టర్ ఎస్. రాజశేఖరన్ బృందం వంకర తిరిగిన వెన్నులున్న 33 మందిని రెండు జట్లు చేసి 478 స్క్రూలు వేసింది. 2007లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, నావిగేషన్ లేకుండా వేసిన వాటిలో 23 శాతం స్క్రూలు ఎముక గోడను దాటాయి. నావిగేషన్‌తో వేసిన వాటిలో 2 శాతమే దాటాయి. అవి రెండోసారి ఆపరేషన్ల మీద చేసిన లెక్కలు కావు, నిజమే. కానీ ఎముక ఆకారం మామూలుగా లేనప్పుడు కంటికి తోడుగా చిత్రం ఎంత సాయపడుతుందో అవి చెబుతున్నాయి.

అలాగని యంత్రం పేరు చూసి మోసపోవద్దు. ఎముకకు బిగించిన గుర్తు కొద్దిగా కదిలినా తెర మీద చూపేది తప్పవుతుంది. నావిగేషన్ స్క్రూకు దారి చూపుతుంది గాని, అతుక్కున్న నరం పొరను మచ్చ నుంచి విడదీసేది అనుభవం ఉన్న చెయ్యే. ప్రతి ఎక్స్‌రేకూ కొంత రేడియేషన్ ఉంటుంది. అందుకే గర్భం ఉండే అవకాశం ఉన్న స్త్రీలు సిగ్గుపడకుండా ముందే చెప్పాలి. చిన్న డిస్కు ముక్క తీయడానికి సి-ఆర్మ్, మంచి సర్జన్ ఉంటే చాలావరకు సరిపోతుంది. పాత స్క్రూలు మార్చాలన్నా, వెన్ను వంకర ఉన్నా, త్రీడీ సౌకర్యం ఉన్నచోటికి వెళ్లడం మంచిది. "మా దగ్గర కొత్త మెషిన్ ఉంది" అన్నంత మాత్రాన చేను తాకట్టు పెట్టకండి. ముందు "ఆపరేషన్ ఎందుకు?" అన్నదానికి జవాబు రావాలి.

ఇక మా నర్సుల బాధ్యత చెబుతాను. నేను స్టాఫ్ నర్సుగా ఉన్న రోజుల్లో ఒక థియేటరులో ఫిల్మును వ్యూబాక్సు మీద తిరగేసి పెట్టడం చూశాను. కుడి ఎడమ అయింది. కోతకు ముందే ఒక పెద్ద సిస్టర్ గమనించి ఆపించారు. ఆ రోజు నుంచి ఫిల్ము మీద పేరు, తేదీ, కుడి ఎడమ గుర్తు చూడనిదే నాకు మనసు ఒప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ భద్రతకు ఇచ్చిన చెక్‌లిస్టులో "అవసరమైన చిత్రాలు పెట్టారా?" అన్నది ఒక ప్రశ్న. ఆ చెక్‌లిస్టును పరీక్షించిన 8 ఆసుపత్రుల్లో మన దేశం నుంచి ఉన్నది ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్, మనలాంటి మిషన్ ఆసుపత్రే. 2009లో వచ్చిన ఫలితాల్లో మరణాలు 1.5 నుంచి 0.8 శాతానికి, ఇబ్బందులు 11 నుంచి 7 శాతానికి తగ్గాయి. అవి వెన్ను ఆపరేషన్లు మాత్రమే కావు, రకరకాలవి. అయినా పాఠం ఒకటే: కత్తి పెట్టేముందు ఒక్క నిమిషం ఆగి అడగాలి. ఆ నిమిషం అడిగే ధైర్యం నర్సుకు ఉండాలి, వినే ఓపిక డాక్టరుకు ఉండాలి.

మీరు అడగవలసినవి నాలుగు. నొప్పి మళ్లీ ఎందుకు వచ్చింది? ఆపరేషన్ చేయకపోతే ఏమవుతుంది? ఏ పూస దగ్గర చేస్తారు, అది అదేనని బల్ల మీద ఎలా నిర్ధారిస్తారు? ఇలా రెండోసారి చేసిన అనుభవం మీకు ఉందా? ఇలా అడిగితే మంచి డాక్టరు కోపగించుకోరు. ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నవారు ఏది వర్తిస్తుందో ఆరోగ్యమిత్రను ముందే కనుక్కోండి.

ఒక్క విషయంలో మాత్రం ప్రశ్నలకు, పసుపు అమ్ముడయ్యే దాకా ఆగడానికి సమయం లేదు. మూత్రం, మలం మీద అదుపు తప్పినా, మూత్రం రాక ఆగిపోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, పాదం ఎత్తలేకపోయినా ఆ రోజే ఆసుపత్రికి రండి. రాత్రయినా సరే.

మిగతా అందరికీ ఒక చిన్న పని. ఈ వారం మీ ఇంటి అటక దించి చూడండి. పాత ఎక్స్‌రేలు, ఎమ్మారై ఫిల్ములు, సీడీలు, డిశ్చార్జి కాగితాలు, వేసిన స్క్రూల వివరాల స్టిక్కర్లు అన్నీ ఒక సంచిలో పెట్టండి. ఎలుకలకు, తడికి అందకుండా ఆ తక్‌పట్టీల పక్కనే ట్రంకుపెట్టెలో దాచండి. ఓపీకి వచ్చేటప్పుడు ఆ సంచి తీసుకురండి. మొదట దాన్ని విప్పి చూడడం మా పని.

— నర్సింగ్ సూపరింటెండెంట్