ఎనిమిది గంటల సన్నాహం ఏమైంది?

సైలోసైబిన్ పుట్టగొడుగులను మెచ్చుకుంటూ రాసే ప్రతివారూ జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం 2006లో వెలువరించిన అధ్యయనాన్ని ముందుకు తెస్తారు. పాల్గొన్నవారిలో మూడింట రెండొంతుల మంది ఆ అనుభవాన్ని తమ జీవితంలోకెల్లా అర్థవంతమైన ఐదింటిలో ఒకటిగా ఎంచారన్న లెక్క అందరికీ కంఠతా వచ్చు. అదే అధ్యయనంలోని ఇంకో లెక్కను మాత్రం ఎవరూ ఎత్తరు. 36 మందిలో 11 మంది మందు ప్రభావంలో ఉండగా తీవ్రమైన భయానికి లోనయ్యారు. వాళ్లంతా ఆరోగ్యవంతులు. తమకు గానీ రక్తసంబంధీకులకు గానీ తీవ్రమైన మానసిక వ్యాధుల చరిత్ర ఉందేమోనని వడపోసి ఎంచుకున్నవాళ్లు. మందు ఇవ్వడానికి ముందే పరిశోధకులు ఒక్కొక్కరితో నాలుగుసార్లు, మొత్తం ఎనిమిది గంటలు కూర్చుని మాట్లాడారు. మందు తీసుకున్న రోజు ఇద్దరు పక్కనే ఉన్నారు. ఇన్ని చేసినా 11 మంది. కాబట్టి సైలోసైబిన్ లాంటి సైకెడెలిక్‌ల విషయంలో ప్రభుత్వం అన్నిటికన్నా గట్టిగా పట్టుకోవాల్సింది సన్నాహాన్నే. అమెరికాలో అందరికన్నా ముందు ఈ మందుకు చట్టబద్ధంగా దారి తెరిచిన ఒరెగాన్ రాష్ట్రం సరిగ్గా అక్కడే పట్టు వదిలేసింది.

ఒరెగాన్ ఓటర్లు 2020 నవంబరులో సైలోసైబిన్ సేవలను అనుమతించే మెజర్ 109కు ఆమోదం తెలిపారు. 2023లో సేవా కేంద్రాలు తెరుచుకున్నాయి. 21 ఏళ్లు నిండితే చాలు, డాక్టరు చీటీ అక్కర్లేదు, రోగమూ ఉండనక్కర్లేదు. మందుకు ముందు సన్నాహక సమావేశం తప్పనిసరి అని నిబంధన పెట్టినందుకు ఆ రాష్ట్రాన్ని మెచ్చుకోవాల్సిందే. కానీ చట్టం కోరేది ఒక్క సమావేశం. దానికీ మందుకూ మధ్య 24 గంటల ఎడం ఉంటే సరిపోతుంది. అంటే ఆదివారం తొలిసారి ముఖం చూసిన ఫెసిలిటేటర్ (మందు వేళ తోడుండే వ్యక్తి) ఎదుట సోమవారం పుట్టగొడుగు పొడి మింగొచ్చు. హాప్కిన్స్‌లో ఇచ్చింది 70 కిలోల మనిషికి 30 మిల్లీగ్రాముల లెక్కన. ఒరెగాన్‌లో ఒక విడతకు 50 మిల్లీగ్రాముల దాకా అనుమతి ఉంది. మోతాదును పెంచి సన్నాహాన్ని కుదించడం ఏ అధ్యయనం నేర్పిన పాఠం?

ఆ ఎనిమిది గంటల్లో ఏం జరుగుతుందో తెలిస్తే ఈ కుదింపు ఎంత నష్టమో అర్థమవుతుంది. అంగీకార పత్రాలపై సంతకాలకైతే అరగంట చాలు. ఒళ్లు తెలియని స్థితిలో తనను కనిపెట్టుకుని ఉండే మనిషిపై నమ్మకం కుదరడానికి అరగంట చాలదు. భయం వస్తే పారిపోకుండా దాన్ని ఎలా ఎదుర్కోవాలో, చెయ్యి పట్టుకోవడం సమ్మతమో కాదో, ఆ రాత్రి ఇంట్లో తోడు ఎవరుంటారో నిదానంగా తేల్చుకోవాలి. వాడుతున్న మందులన్నీ బయటపెట్టాలి. లిథియం వాడేవాళ్లు ఈ పదార్థం తీసుకుంటే మూర్ఛలు వచ్చిన ఉదంతాలున్నాయి గనుక, గత 30 రోజుల్లో లిథియం తీసుకున్నవారిని ఒరెగాన్ కూడా అనుమతించదు. అన్నిటికన్నా కష్టమైనది కుటుంబ చరిత్ర. బైపోలార్, స్కిజోఫ్రీనియా ఉన్నవారి దగ్గరి బంధువులను హాప్కిన్స్ పరిశోధకులు పక్కన పెట్టారు. ఈ ప్రశ్నకు తెలుగు ఇళ్లలో జవాబు ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు. చిన్నాన్నకు ‘కాస్త నరాల బలహీనత’, మేనత్తకు ‘గాలి సోకింది’. పెళ్లి సంబంధాలు చెడిపోతాయని పిల్లల దగ్గర కూడా దాచిపెడతారు. పోర్ట్‌లాండ్ శివార్లలోని హిల్స్‌బరోలో, బీవర్టన్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లలో ఒకరు ఆ కేంద్రానికి వెళ్లి, ఇంట్లో ఎవరికైనా అలాంటి జబ్బు ఉందా అంటే, అబద్ధమాడాలన్న ఉద్దేశం ఏమాత్రం లేకుండానే లేదంటారు. నాలుగుసార్లు కూర్చుంటే మధ్యలో అమ్మకు ఫోన్ చేసి కనుక్కునే వీలుంటుంది. 24 గంటల్లో ఆ మాట బయటికి రాదు.

దీనికి చెప్పే మొదటి అభ్యంతరం ఖర్చు. ఇప్పటికే ఒక విడతకు వెయ్యి డాలర్లు దాటుతోంది, గంటలు పెంచితే పేదలకు అందదు, దొంగచాటు దారులు పడతారు అంటారు. ఆ ఆందోళన నిజమైనదే. కానీ సన్నాహంలో పెద్ద భాగాన్ని పదిమందిని ఒకచోట కూర్చోబెట్టి జరపొచ్చు, ఫీజులు తగ్గించడానికి ప్రభుత్వానికి వేరే మార్గాలున్నాయి. రెండో అభ్యంతరం ఇంకా చిత్రమైనది. ఆ 11 మందికీ శాశ్వత హాని ఏదీ జరగలేదు కదా, భయం కూడా స్వస్థతలో భాగమే కదా అని. హాని జరగలేదన్నది నిజం. ఎనిమిది గంటల పరిచయం ఉన్న మనిషి పక్కన కూర్చున్నప్పటి ఫలితం అది. ఆ పరిచయాన్ని తీసేసి అదే ఫలితం వస్తుందని చెప్పడానికి ఏ ఆధారం ఉంది? హాప్కిన్స్ బృందమే 2016లో పుట్టగొడుగులతో దారుణ అనుభవం ఎదురైన 1,993 మందిని ప్రశ్నిస్తే, 11 శాతం మంది ఆ సమయంలో తమనో ఇతరులనో శారీరక ప్రమాదంలోకి నెట్టామని చెప్పారు. ఇక మొత్తంగా నిషేధించమనేవాళ్లు ఉన్నారు. మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద సైలోసైబిన్ నేరమే. అయితే నిషేధం ఉన్నచోట తీసుకునేవాళ్లకు ఒక్క నిమిషం సన్నాహం కూడా ఉండదన్న సంగతికి వాళ్ల దగ్గర సమాధానం లేదు.

రేపు అమెరికాలో ఫెడరల్ స్థాయిలో సైలోసైబిన్‌కు మందుగా అనుమతి వచ్చినా ఈ చిక్కు తీరదు. ఎందుకంటే అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మందును నియంత్రిస్తుంది, మాటల చికిత్సను కాదు. 2024 ఆగస్టులో ఎఫ్‌డీఏ తిరస్కరణకు గురైన, ఎండీఎంఏ అనే మరో పదార్థంతో చేసే చికిత్సలో కూడా తొలి మోతాదుకు ముందు గంటన్నర చొప్పున మూడు సన్నాహక సమావేశాలు ఉన్నాయి. ఈ రెండు చోట్లా పరిశోధకులు సన్నాహాన్ని ఒక్క పూటలో ముగించలేదు. ముగించాలని తొందరపడుతున్నది చట్టం రాసినవాళ్లు, కేంద్రాలు నడిపేవాళ్లు, ఈ పదార్థానికి ప్రచారం చేసేవాళ్లు. వడపోసిన ఆరోగ్యవంతులు 36 మందిలో 11 మందిని వణికించిన పదార్థాన్ని, వడపోత అంతంత మాత్రంగా ఉన్నచోట, అంతకన్నా పెద్ద మోతాదులో, ముందురోజు పరిచయంతో ఇవ్వడం బాధ్యతారాహిత్యం. దాన్ని హాప్కిన్స్ పేరు చెప్పి సమర్థించుకోవడం మోసం. కనీసం మూడు సమావేశాలు, మొదటిదానికీ మందుకూ మధ్య రెండు వారాలు, దగ్గరి బంధువుల మానసిక వ్యాధి చరిత్ర తెలియకపోతే పెద్ద మోతాదు ఇవ్వకూడదన్న నియమం: ఈ మూడింటినీ నిబంధనల్లో రాయడానికి ఒరెగాన్ కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. ఈ పదార్థాన్ని మెచ్చుకునేవాళ్లు ఏ అధ్యయనాన్ని ముందుకు తెస్తారో, ఆ అధ్యయనం పద్ధతిని పూర్తిగా చదివితే చాలు.