వీసా కిటికీ దగ్గర అడిగేవి పెళ్లిచూపుల్లోనే అడగాలి

బల్మూర్: "నీ భర్త ఏ వూళ్లో వుంటాడు? ఏం పని చేస్తాడు? జీతమెంత? ఇంతకు ముందు పెళ్లి అయిందా? ఆ ఇంట్లో ఇంకా ఎవరెవరుంటారు?" అమెరికా కాన్సులేటులో అద్దాల కిటికీ ముందు నిలబడిన కొత్త పెళ్లికూతురిని అధికారి అడిగే ప్రశ్నలు ఇటువంటివే. ఇందులో చిక్కు ప్రశ్న ఒక్కటీ లేదు. పిల్లనిచ్చే ముందు ఏ తండ్రి అయినా అడిగి తెలుసుకోవలసినవే. అక్కడ అమ్మాయి నీళ్లు నములుతున్నదంటే తప్పు ఆమెది కాదు. ఇంటి దగ్గర అడగకుండా వూరుకున్న పెద్దలది.

పాలమూరు అంటే ఒకప్పుడు వలస కూలీల జిల్లా అని పేరు. మట్టి పనికీ, ఆనకట్టల పనికీ తట్టా పారా పట్టుకొని బొంబాయి బస్సెక్కిన కుటుంబాలకు లెక్క లేదు. 2016 అక్టోబరు 11న నాగర్‌కర్నూల్ వేరు జిల్లా అయింది, బల్మూర్ అందులోకి వచ్చింది. వలస పోలేదు గాని, దానికి మరొక దారి కూడా తోడయింది. హైదరాబాదులో చదివి అమెరికా చేరిన కుర్రవాళ్ల సంబంధాలు ఇప్పుడు పల్లెల దాకా వస్తున్నాయి. అమెరికా పౌరుని భార్యగానో, గ్రీన్ కార్డు వున్నవాని భార్యగానో స్థిరపడటానికి వెళ్లే అమ్మాయికి ఇంటర్వ్యూ నేటి ముంబైలో, అంటే ఆ బొంబాయిలోనే. తాత పార పట్టుకొని దిగిన నగరంలో మనవరాలు పెళ్లి ఫోటోలు పట్టుకొని దిగవలసి వస్తున్నది.

ఇక అక్కడ ఉద్యోగ వీసాపై, అంటే హెచ్-1బి పై, వున్నవాని భార్యకు ఇచ్చేది హెచ్-4 వీసా. దీని ఇంటర్వ్యూకు హైదరాబాదు పోతే చాలు. 2008లో హైదరాబాదులో కాన్సులేటు తెరిచే వరకు ఇందుకు మద్రాసు పోవలసి వచ్చేది. బేగంపేటలోని పైగా ప్యాలెస్ నుండి ఆ కాన్సులేటు 2023 మార్చిలో నానక్‌రాంగూడకు మారింది. ఇంగ్లీషు రాదని దిగులు పడనక్కరలేదు, అక్కడ తెలుగులో మాట్లాడే వీలున్నది. దారి దగ్గరయింది, భాషా దగ్గరయింది. అయినా భయం మాత్రం తగ్గలేదు.

ఆ భయానికి మూలం పెళ్లి కుదిరే తీరులోనే వున్నది. అబ్బాయికి దొరికే సెలవు రెండు మూడు వారాలు. ఆ లోపలే చూపులు, మాటలు, లగ్నం, పెళ్లి అన్నీ అయిపోవాలి. "అమెరికా సంబంధం బిడ్డా, దొరుకుడే కష్టం, ఎక్కువ తక్కువ అడగొద్దు" అని తల్లి నోరు మూయిస్తుంది. కట్నం దగ్గర గంటల కొద్దీ బేరమాడే పెద్దలు, అబ్బాయి ఉద్యోగం కాగితం ఒకటి చూపించమని అడగటానికి మాత్రం మొగమాట పడతారు. కట్నం తీసుకోవటం, ఇవ్వటం రెండూ 1961 నాటి చట్టం ప్రకారం నేరమన్న మాట ఆ సమయంలో ఎవరికీ గుర్తు రాదు. చెలక అమ్మి పెళ్లి చేస్తారు. అబ్బాయి విమానం ఎక్కుతాడు. అమ్మాయి పుట్టింట్లో వుండి ఇంటర్వ్యూ తేదీ కోసం ఎదురు చూస్తుంది.

అప్పుడు రంగంలోకి దిగుతాడు ఏజెంటు. ఈ ప్రశ్నకు ఈ జవాబు అని కాగితం మీద రాసిచ్చి వల్లె వేయిస్తాడు. అమ్మాయి రాత్రింబవళ్లు ఎక్కాలు చదివినట్లు చదువుతుంది. అధికారి ప్రశ్న కాస్త మార్చి అడిగితే చాలు, చదివిందంతా మరచిపోతుంది. "పెళ్లి అయ్యాక ఎన్నాళ్లు కలిసి వున్నారు?" అంటే పది రోజులు అన్న నిజం చెప్పటానికి జంకి నెల అంటుంది. పాస్‌పోర్టు మీద అబ్బాయి వచ్చిన తేదీ, పోయిన తేదీ ముద్రలు వున్నాయన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. పది రోజులన్నది సిగ్గు పడవలసిన మాట కాదు. సెలవు తక్కువ, పెద్దలు కుదిర్చిన పెళ్లి అని ఉన్నదున్నట్లు చెప్పవచ్చు. నిజమైన పెళ్లిని అబద్ధంలాగా కనబడేట్లు చేసేది ఇటువంటి శిక్షణే.

అధికారులకు అనుమానం ఎందుకన్న ప్రశ్న వస్తుంది. దొంగ పెళ్లిళ్లతో దేశంలోకి వచ్చేవారు వున్నారని అమెరికా 1986లో ప్రత్యేకంగా చట్టం చేసింది. దాని ప్రకారం వీసా కోసం దొంగ పెళ్లి చేసుకుంటే అయిదేళ్ల వరకు జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా. ముఖ్యమైన సంగతి దాచి, అబద్ధం చెప్పి దొరికినవారికి ఆ దేశం తలుపులు జీవితాంతం మూసుకొనిపోయే ప్రమాదం కూడా వున్నది. కాగితం ఒకటి తక్కువైతే 221(జి) అనే చీటీ ఇచ్చి తెమ్మంటారు, తెచ్చి ఇవ్వవచ్చు. అబద్ధానికి అటువంటి చీటీ లేదు.

అలాగని అనుమానించేవారిదంతా న్యాయమని కాదు. బ్రిటన్‌లో 1980 నుండి 1997 వరకు ఒక నిబంధన వుండేది. తమ పెళ్లి ప్రధానంగా బ్రిటన్‌లో అడుగు పెట్టటం కోసం జరిగింది కాదని దరఖాస్తుదారే రుజువు చేసుకోవాలి. పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లు అందులో ఎన్నో నలిగిపోయాయి. అంతకు ముందు 1979 జనవరిలో లండన్ హీత్రో విమానాశ్రయంలో, పెళ్లి కోసం వచ్చిన ఒక భారతీయ మహిళకు కన్యాత్వ పరీక్ష చేశారు. ఆ దారుణం బయటపడి గొడవ జరిగాక అటువంటి పరీక్షలు మాన్పించారు. ఇప్పుడు బ్రిటన్‌లో ప్రశ్న జీతం మీదికి మారింది. భార్యను గాని భర్తను గాని పిలిపించుకునేవారికి 2024 ఏప్రిల్ 11 నుండి ఏడాదికి 29,000 పౌండ్ల ఆదాయం వుండాలన్నారు. అమెరికాలోనూ పౌరుడు గాని, గ్రీన్ కార్డు వున్నవాడు గాని భార్యను తెచ్చుకోవాలంటే పేదరికపు గీతకు పైన నూటికి ఇరవై అయిదు వంతులు ఎక్కువ ఆదాయం చూపి, పోషణకు హామీ పత్రం రాసివ్వాలి. అబ్బాయి జీతమెంతో కాన్సులేటు అధికారికి తెలుస్తుంది, పిల్లనిచ్చిన మామకు తెలియదు!

కాగితాల సంగతి మరీ శోచనీయం. బడిలో చేర్చిన నాడు పంతులు రాసిన పుట్టిన తేదీ ఒకటి. ఆధార్‌లో జనవరి ఒకటి. పదవ తరగతి మెమోలో పేరు ఒక విధం, పాస్‌పోర్టులో ఇంటిపేరు చేరి మరొక విధం, శుభలేఖ మీద ముద్దుపేరు. ఇంటి దగ్గర కాన్పు అయిన పిల్లలకు జనన ధృవపత్రమే వుండదు. ఏడాది దాటిన జననాన్ని నమోదు చేయించాలంటే ఆర్డీవో ఉత్తర్వు కావాలి. వివాహాల తప్పనిసరి నమోదు చట్టం 2002లోనే వచ్చింది. పెళ్లిళ్లన్నీ నమోదు కావాలని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. అయినా అబ్బాయి విమానం ఎక్కాక గాని పెళ్లి నమోదు కాలేదన్న సంగతి ఇంట్లో వారికి తట్టదు. అచ్చంపేట సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి పోతే ఇద్దరూ వచ్చి సంతకం చేయాలంటారు. అబ్బాయి మళ్లీ సెలవు పెట్టి రావాలి. పెళ్లి పనుల జాబితాలో పందిరి, వంట, బాజాలతో పాటు రిజిస్ట్రేషన్ అన్న మాట ఒకటి రాసుకుంటే ఈ అగచాట్లు వుండేవి కావు.

నిబంధనలు కూడా బిగుసుకుంటున్నాయి. 2025 సెప్టెంబరు 2 నుండి హెచ్-4 వంటి వీసాలకు ఇంటర్వ్యూ మినహాయింపులను చాలా వరకు ఎత్తివేశారు. 2025 డిసెంబరు 15 నుండి హెచ్-1బి, హెచ్-4 దరఖాస్తుదారులు తమ ఫేస్‌బుక్ వంటి ఖాతాలను అందరికీ కనబడేట్లు తెరిచి వుంచాలన్నారు. పెళ్లి ఫోటో ఒక తేదీతో, కాగితం మరొక తేదీతో వుంటే దాచే వీలు లేదు.

చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి, వీసా వచ్చాక నూట ఎనిమిది చేసే ఆచారం అందరికీ తెలిసినదే. మొక్కుకోవటం తప్పు కాదు. కాని అమ్మాయి చేత ప్రదక్షిణలు చేయించేవారు, భర్త వుండే వూరి పేరు సరిగా పలకటం కూడా నేర్పించాలి కదా! ఏజెంటుకు ఇచ్చే డబ్బుతో పనిలేదు. భార్యాభర్తలు రోజూ ఫోనులో మాట్లాడుకుంటూ, ఒకరి ఇల్లు, పని, అలవాట్లు, అప్పులు ఒకరికి తెలియజేసుకుంటే అదే ఇంటర్వ్యూకు తయారు కావటం. పెళ్లి ఫోటోలు, ప్రయాణపు టికెట్లు, భర్త పంపిన డబ్బు రసీదులు ఒక సంచిలో వరుసగా పెట్టుకోవాలి. తెలుగు కాగితాలకు ఇంగ్లీషు అనువాదం ధృవీకరణతో చేయించుకోవాలి. తెలియని దానికి తెలియదని చెప్పాలి.

అమ్మాయి కూడా అడగవలసినవి వున్నాయి. హెచ్-4 మీద వెళితే వెంటనే ఉద్యోగం చేసే హక్కు రాదు. భర్త గ్రీన్ కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే అనుమతి. పౌరుని భార్యగా వెళ్లినా, పెళ్లి అయి రెండేళ్లు నిండకుండా అడుగు పెడితే ఇచ్చే గ్రీన్ కార్డు రెండేళ్లకే. గడువు తీరే ముందు మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. పౌరుడు గాని, గ్రీన్ కార్డు గల భర్త గాని హింస పెడితే, అతని సంతకం లేకుండానే భార్య అక్కడ వుండటానికి దరఖాస్తు పెట్టుకునే వీలును అమెరికా 1994లో చట్టంగా చేసింది. పెళ్లి చేసుకొని వదిలేసి పోయినవారి మీద ఫిర్యాదులకు జాతీయ మహిళా కమిషన్‌లో 2009 నుండి ప్రత్యేక విభాగం వున్నది. ఈ సంగతులు ఇంటర్వ్యూ కంటే ముందే, వీలైతే లగ్నం కంటే ముందే ఆమెకు తెలియాలి.

కాగా అధికారులు చేయదగిన పని కూడా వున్నది. పెళ్లిళ్ల కాలంలో నెలకొక రోజు మండల కేంద్రంలో వివాహ నమోదు, జనన ధృవపత్రాలు, పేర్ల సవరణ ఒకే చోట జరిగేట్లు చూస్తే అమెరికా పోయే ఒకరిద్దరికే కాదు, పింఛను కోసం, ఆస్తి కోసం తిరిగే ఆడవారందరికీ మేలు జరుగుతుంది. పంచాయతీ కార్యదర్శులు పెళ్లి ఇంటికి భోజనానికి పోయినప్పుడు నమోదు సంగతి గుర్తు చేసినా చాలు. ఇందుకు తగు చర్య తీసుకోవలసిన అవసరం ఎంతైనా వున్నది.

కాన్సులేటు అధికారి అడిగేది కొన్ని నిమిషాలే. ఆ కాపురంలో ఆమె వుండవలసింది ఏళ్ల తరబడి. పరాయి దేశపు అధికారికి వచ్చిన అనుమానం ముందే కన్న తండ్రికి వచ్చి వుంటే, ఆయన నాలుగు మాటలు అడిగి వుంటే, అద్దాల కిటికీ ముందు ఆ బిడ్డ గొంతు వణకవలసిన పని వుండదు.